సర్వీసు బుక్కులో రెండేళ్లు లేవు, పెద్దాయన రిటైర్మెంటుకు ఐదు నెలలే ఉంది. ఎక్కడ మొదలు పెట్టాలి?

నాగావళి_గట్టు
ఒడిశా రాయగడ జిల్లాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. చేరి నాలుగేళ్లయింది. మూడు నెలల కిందట మా బొడోబాబు (హెడ్ క్లర్కు) రిటైరయ్యారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. డైరీ, డిస్పాచ్ చూసుకుంటున్న నాకే సిబ్బంది సర్వీసు ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు కూడా ఇచ్చారు. చార్జ్ అప్పగింత అంటే ఒక బీరువా తాళంచెవి, "అన్నీ లోపలే ఉన్నాయమ్మా" అన్న మాట. లిస్టు లేదు.

మా ప్యూన్ పెద్దాయన ఐదు నెలల్లో రిటైర్ అవుతున్నారు. 1988లో చేరిన మనిషి. పెన్షన్ కాగితాల కోసం ఆయన సర్వీసు బుక్ తీసి చూస్తే నాకు చెమటలు పట్టాయి. 1992 నవంబర్ నుంచి 1994 ఆగస్టు వరకు సర్వీసు వెరిఫికేషన్, అంటే పనిచేసినట్టు సరిచూసి పెట్టే ధ్రువీకరణ, లేదు. పేజీ చిరగలేదు, చెదలు పట్టలేదు. నీలం ఇంకుతో ఒక ఇంక్రిమెంటు ఎంట్రీ ఉంది, దాని కింద నాలుగు వేళ్ల ఖాళీ, ఆ తర్వాత నల్ల ఇంకుతో వేరే చేతిరాత, వేరే ఆఫీసు ముద్ర. ఆ ఖాళీలో ఆయన ఎక్కడున్నారో రాసినవాళ్లు లేరు.

రెండోది, 2008 వేతన సవరణ ఫిక్సేషన్‌లో, అంటే కొత్త జీతం ఖరారు చేసేటప్పుడు, ఒక ఇంక్రిమెంటు పొరపాటున ఎక్కువ పడింది. అప్పట్నుంచి లెక్కేస్తే లక్షా నలభై వేల దాకా వస్తోంది. గ్రాట్యుటీలోంచి కోసేయమని పైనుంచి నోటిమాట వచ్చింది.

ఆయన రోజూ పదిన్నరకు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "అమ్మాయి గారూ, నా బుక్ బాగుందా?" అని అడుగుతారు. మూడు వారాలుగా "చూస్తున్నాను తాతగారూ" అనే అంటున్నాను. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

జయపురం_తపాలా
ఆ పుస్తకం ఆయన ఎప్పుడైనా కళ్లతో చూశారా? అది అడగండి ముందు.

నాగావళి_గట్టు
అడిగాను అన్నా. చేరినప్పుడు వేలిముద్రలు వేయించుకున్న రోజు చూశారట, అంతే.

జయపురం_తపాలా
మా కేంద్ర ఉద్యోగులకు సప్లిమెంటరీ రూల్ 202 ఉంది. ఏటా ఆఫీసు హెడ్డే సర్వీసు బుక్ చూపించి, చూశానని సంతకం తీసుకోవాలి. మేము అడిగి మరీ చూస్తాం. నాకు 2011లో ఇలాగే ఒక ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) ఎంట్రీ తప్పు పడితే ఆ ఏడాదే పట్టుకున్నా. ఆ రోజు చూడకపోతే నాదీ మీ పెద్దాయన కథే.

కొరాపుట్_కాఫీ
అమ్మా, నేను చెప్పేది చేదుగానే ఉంటుంది. రికవరీ పెట్టేయండి. ఎక్కువ తీసుకున్న మాట నిజమే కదా? మీరు జాలిపడి వదిలేస్తే రేపు ఆడిట్ పేరా (ఆడిట్ అభ్యంతరం) మీ సీటు మీద పడుతుంది. అప్పుడు మీ జీతంలోంచి కోస్తే ఎవరూ అడ్డుపడరు. మా ఆఫీసులో ఒకావిడకు అలాగే అయింది.

వంశధార_పద్మిని
కాఫీ గారూ, ఫిక్సేషన్ చేసింది ప్యూనా? లెక్క వేసినవాళ్లు, చెక్ చేసినవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు ముగ్గురూ పెన్షన్ తీసుకుని హాయిగా ఉండి ఉంటారు. కోసేది మాత్రం కప్పులు కడిగిన మనిషి గ్రాట్యుటీలోనా?

కొరాపుట్_కాఫీ
నేను న్యాయం గురించి చెప్పలేదు, సీటులో కూర్చున్న పిల్ల క్షేమం గురించి చెప్పాను.

బరంపురం_బాబాయి
ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు, ఆడిట్ పక్కనే ఉన్నవాణ్ణి. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను. ఓపిగ్గా చదువు తల్లీ.

రికవరీ సంగతి. 2014 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు రఫీక్ మసీహ్ కేసులో చెప్పింది. గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర, ఏడాదిలోపు రిటైర్ కాబోయేవాళ్ల దగ్గర పొరపాటున ఎక్కువ ఇచ్చిన జీతం వెనక్కి వసూలు చేయకూడదు. రికవరీ ఆర్డరుకు ముందు ఐదేళ్లకు మించి ఇచ్చుకుంటూ పోయినా అంతే. మీ పెద్దాయన గ్రూప్ డి, ఐదు నెలల్లో రిటైర్, తప్పు 2008 నాటిది. ఏ గీటు పెట్టి కొలిచినా ఆయన లోపలే ఉన్నాడు.

ఇప్పుడు నీకు ఎదురయ్యే మాట ఒకటుంది. 2016 జులైలో జగదేవ్ సింగ్ కేసులో అదే కోర్టు, ఎక్కువ వస్తే తిరిగి కడతానని అండర్‌టేకింగ్ రాసిచ్చినవాడి నుంచి వసూలు చేయొచ్చంది. వేతన సవరణలప్పుడు ఆప్షన్ ఫారంతో పాటు ఆ కాగితం మీద సంతకం తీసుకోవడం మామూలు. పైవాళ్లు అదే పట్టుకుంటారు. కానీ ఆ కేసులో ఉన్నది జుడీషియల్ ఆఫీసర్. కోర్టు అక్కడ పక్కన పెట్టింది రిటైరైనవాళ్లకు సంబంధించిన క్లాజును. గ్రూప్ సి, డి క్లాజు జోలికి పోలేదు. ఈ తేడా నోటులో స్పష్టంగా రాయి.

అలాగని తప్పు ఫిక్సేషన్ అలాగే ఉంచమని కాదు. జీతం సరైన దగ్గరికి దింపాలి, పెన్షన్ ఆ సరైన జీతం మీదే కట్టాలి. ఇది ఆయనకు ఇప్పుడే చెప్పు. పెన్షన్ ఆర్డర్ చేతికొచ్చాక తెలిస్తే మనిషి కుంగిపోతాడు.

ఇక నోటిమాట. కాఫీ చెప్పిన భయం అబద్ధం కాదు, అయితే దాని మందు రికవరీ కాదు, కాగితం. 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు, అధికారులు నోటిమాట మీద పనిచేయకూడదు, రాతలో ఉండాలి అంది. అది పెద్ద అధికారుల గురించి వచ్చిన తీర్పే అయినా నీ సీటుకూ అదే రక్ష. తీర్పు ప్రతి జతచేసి, "ఆదేశం కోరుతూ" అని ఫైల్ పైకి పుటప్ చెయ్. పైవాళ్లు ఏం రాసినా ఆ రాత నిన్ను కాస్తుంది.

మహేంద్రతనయ
బాబాయ్ గారు రాశాక మేము రాయడానికి ఏముంది. ప్రింట్ తీసి దాచుకుంటున్నా.

కొరాపుట్_కాఫీ
సరే బాబాయ్ గారూ, రికవరీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. జగదేవ్ సింగ్ సంగతి విన్నాను గానీ అది ఏ క్లాజు గురించో తెలీదు. మరి ఆ రెండేళ్ల ఖాళీ?

బరంపురం_బాబాయి
అది 1992 కథ. ఆ ఏడాది అక్టోబర్ 2న పాత కొరాపుట్ జిల్లాను నాలుగు చేశారు: కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి. అదే రోజు గంజాం నుంచి గజపతి విడిపోయింది. మనుషుల్ని సర్దారు, ఫైళ్లను గోనెసంచుల్లో కట్టి లారీ ఎక్కించారు. ఆ నెలల్లో బదిలీ అయిన చాలామంది పుస్తకాల్లో ఇలాంటి ఖాళీలు నేనే చూశాను. మనిషి ఒక చోట పనిచేస్తున్నాడు, పుస్తకం ఇంకో చోట బీరువాలో ఉంది. పుస్తకం వచ్చేసరికి పాత బొడోబాబు మారిపోయాడు, కొత్తాయన తన తేదీ నుంచి రాసుకున్నాడు.

ఆయన్నే అడుగు, ఆ రెండేళ్లు ఎక్కడ పనిచేశాడో. ఆ ఆఫీసుకు రాసి ఊరుకోకు, స్వయంగా వెళ్లు. పే బిల్లు ఆఫీసు కాపీ, అక్విటెన్స్ రోల్ వెతుకు. అప్పట్లో జీతం చేతికిచ్చి రెవెన్యూ స్టాంపు మీద సంతకం తీసుకునేవారు కదా, ఆ రోల్ దొరికితే నెల నెలా ఆయన డ్యూటీలో ఉన్నట్టే. ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్), ఆ రోజుల ఇంక్రిమెంటు ఆర్డర్, జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) వార్షిక స్టేట్‌మెంట్ ఏది దొరికినా పనికొస్తుంది. జీపీఎఫ్ కోత పడిందంటే జీతం బిల్లు పాసైనట్టేగా.

వంశధార_పద్మిని
జీపీఎఫ్ స్లిప్పులు! మా నాన్న అవి ట్రంకుపెట్టెలో బొత్తిగా దాచారు. మాకు ఇది పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

మా కథ కూడా 1992దే. మా నాన్న 1984లో చేరి 2009లో సర్వీసులో ఉండగానే పోయారు. అమ్మకు గ్రాట్యుటీ లెక్క వేసినప్పుడు "వెరిఫై కాని కాలం" అని దాదాపు రెండేళ్లు తీసేశారు. అప్పుడు నాకు పదహారేళ్లు. అమ్మకు ఒడియా చదవడం రాదు, చూపించిన చోట సంతకం పెట్టింది. ఫ్యామిలీ పెన్షన్ కూడా పద్నాలుగు నెలలు ఆగింది. సర్వీసు బుక్కులో భార్య పేరు లక్ష్మి, బ్యాంకులో వరలక్ష్మి.

మహేంద్రతనయ
పేరు గొడవ మన తెలుగోళ్లందరికీ ఉన్నదే. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇక్కడ ఒడియా పద్ధతిలో చివరిది ఇంటిపేరు. మా అన్నయ్య ఇంటిపేరు పొట్నూరు. సర్వీసు బుక్కులో పి. అప్పారావు, పాన్ కార్డులో అప్పారావు పొట్నూరు, ఉద్యోగుల ఆన్‌లైన్ రికార్డు హెచ్ఆర్ఎంఎస్‌లో ఇంటిపేరు గడిలో "రావు". ముగ్గురు మనుషులయ్యారు. అఫిడవిట్‌కు మూడుసార్లు పర్లాకిమిడి కోర్టు చుట్టూ తిరిగాం.

కొత్తగా చేరే పిల్లలకు నా మాట ఒకటే. మెట్రిక్ సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉందో ఆధార్, పాన్, బ్యాంకు, హెచ్ఆర్ఎంఎస్ అన్నిట్లో అక్షరం తేడా లేకుండా అలాగే పెట్టించండి. పెళ్లయిన నెలలోనే నామినేషన్ మార్చండి. పెళ్లి భోజనాల బిల్లు కట్టిన వారంలో ఆ పని కూడా అయిపోవాలి.

నాగావళి_గట్టు
ఇప్పుడే పెద్దాయన నామినేషన్ పేజీ తీశాను. నామినీ ఆయన తల్లి. ఆవిడ పోయి ఇరవై ఏళ్లయిందట. భార్య పేరు ఎక్కడా లేదు. ఈ రాత్రి నిద్ర పట్టదు.

బరంపురం_బాబాయి
నిద్రపో తల్లీ. రేపు పొద్దున్నే ఫారం నింపించి, ఆఫీసు హెడ్ సంతకం చేయించి, పుస్తకంలో అతికించు. పది నిమిషాల పని.

ప్రాణహిత_ఒడ్డు
గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే. మాకు 2005 చట్టం ఒకటుంది, బదిలీల నియంత్రణ, పనుల జాప్య నివారణ కలిపి చేసింది. మామూలు ఫైల్ ఎవరి దగ్గరా ఏడు పనిదినాలకు మించి ఉండకూడదు. ఒక చోట మామూలుగా మూడేళ్లు, బదిలీలు ఏప్రిల్, మే నెలల్లో. మీకు అలాంటిది ఉంటే ఆ రెండేళ్ల ఖాళీ ఇన్నాళ్లు ఉండేదా అనిపిస్తోంది.

కొరాపుట్_కాఫీ
మీ గడ్చిరోలిలో ఏడు రోజుల్లో ఫైళ్లు కదులుతున్నాయా అన్నా? మనస్ఫూర్తిగా అడుగుతున్నా.

ప్రాణహిత_ఒడ్డు
మనుషులున్న సీట్లలో కదులుతున్నాయి. ఖాళీ సీటుకు ఏడు రోజుల లెక్క ఎవరు చెప్తారు? మా తాలూకా నుంచి జిల్లా కేంద్రం దాదాపు రెండు వందల కిలోమీటర్లు. పుణె వైపు నుంచి పోస్టింగ్ వచ్చినవాళ్లు జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన చేత్తోనే సెలవు చీటీ ఇస్తారు. నక్సల్ ప్రాంతంలో పనిచేసేవాళ్లకు ఒక మెట్టు పైన జీతం ఇచ్చే పద్ధతి 2002 నుంచి ఉంది. అది మంచిదే, కొంతమంది దాని వల్లే ఉంటున్నారు. కానీ పిల్లల చదువు, క్వార్టర్సు, హాస్పిటల్ లేకుండా డబ్బు ఒక్కటే మనిషిని ఎన్నాళ్లు ఆపుతుంది? ఉండేది ఈ ఊరి పిల్లలే. మా ఆఫీసులో నిలబడి పనిచేస్తున్న నలుగురూ గోదారి నీళ్లు తాగి పెరిగినవాళ్లే.

మహేంద్రతనయ
ఇక్కడా అంతే. మన జిల్లాలకు వేస్తే "శిక్ష పడిందా?" అని అడుగుతారు బంధువులు. శిక్షగా పంపిన మనిషి ఇక్కడి జనానికి ఏం చేస్తాడు? ఆ మాటే నాకు కోపం తెప్పిస్తుంది. శిక్ష పడేది బదిలీ అయిన ఆఫీసరుకు కాదు, సంతకం కోసం పదిహేను కిలోమీటర్లు నడిచొచ్చే సవర ముసలమ్మకు.

ఈ ఊరి పిల్లల మాట వచ్చింది కాబట్టి. తెలుగు మీడియంలో చదివిన మనవాళ్లు రాష్ట్ర ఉద్యోగానికి వెళ్లాలంటే ఒడియా ఏడో తరగతి స్థాయిలో పాసై ఉండాలి. బళ్లో ఒడియా లేకపోతే ఆ పరీక్ష విడిగా రాయాలి. ఇది తెలియక దరఖాస్తు దగ్గరే ఆగిపోయినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. నేను ఇరవై రెండేళ్లప్పుడు కూర్చుని రాశాను. ఒడియా నేర్చుకోవడం తప్పని నేను అనను, ఈ నేల మీద ఉద్యోగం చేస్తూ ఆ భాష రాకపోతే ఎలా? కానీ ముందే చెప్పేవాళ్లు ఉండాలి. మా కౌంటర్లో ఇప్పుడు నేను ఒడియా, తెలుగు, కొద్దిగా సవర మూడూ మాట్లాడతాను. నా సర్వీసు రికార్డులో ఆ మూడు భాషల గురించి ఒక్క అక్షరం లేదు. బదిలీ వేసేటప్పుడు ఎవరు ఏ భాష మాట్లాడగలరో చూసి వేస్తే సగం అర్జీలు కౌంటర్లోనే తీరతాయి.

వాల్తేరు_లైన్
మా రైల్వేలో కూడా ఇదే టెన్షన్. మా వాల్తేరు డివిజన్‌ను విడదీసి పెట్టే రాయగడ డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచి టీ కొట్టు దగ్గర ఒకటే మాట, ఎవరు రాయగడ, ఎవరు విశాఖ, సీనియారిటీ ఏమవుతుంది. 1992 కథ చదివాక నాకు ఒకటి తట్టింది. మనుషుల్ని విడదీసే ముందే పుస్తకాలు సరిచూసి, ఇద్దరి సంతకాలతో లిస్టు రాసి పంపాలి. రేపే మా యూనియన్ మీటింగులో పెడతాను.

డేటా_చెల్లి
చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకున్నాను. నేను ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని, ఏజెన్సీ ద్వారా తొమ్మిదేళ్లుగా. మా ఆఫీసులో అందరి సెలవులు, ఇంక్రిమెంట్లు, ఆస్తుల స్టేట్‌మెంట్లు, పీఏఆర్‌లు (పనితీరు నివేదికలు) హెచ్ఆర్ఎంఎస్‌లో ఎక్కించేది నేనే. పాస్‌వర్డు వాళ్లది, ఓటీపీ వాళ్ల ఫోన్‌కు వస్తుంది, వేళ్లు నావి. ముప్పై ఆరు మంది సర్వీసు బుక్కులు స్కాన్ చేశాను. నాకు సర్వీసు బుక్ లేదు.

మహేంద్రతనయ
చెల్లీ, 2022 అక్టోబర్‌లో మమ్మల్ని 57 వేల మందికి పైగా రెగ్యులర్ చేశారు కదా, కాంట్రాక్ట్ నియామక పద్ధతే తీసేశారు. నేను అందులోనే వచ్చాను. నువ్వు అందులో రాలేదా?

డేటా_చెల్లి
అది 2013 రూల్సు కింద ప్రభుత్వమే కాంట్రాక్టులో తీసుకున్న మీలాంటి వాళ్లకు అన్నా. ఏజెన్సీ వాళ్లం ఆ లెక్కలోకి రాము. పీఎఫ్ కోత మాత్రం పడుతోంది.

బరంపురం_బాబాయి
అమ్మా చెల్లీ, రెండు పనులు చెయ్. ప్రతి నెలా పీఎఫ్ పాస్‌బుక్ చూసుకో, ఏజెన్సీ మారినప్పుడల్లా యూఏఎన్ (పీఎఫ్ నంబరు) అదే ఉందో లేదో చూడు. నీ పేరున్న హాజరు పట్టీ, డ్యూటీ ఆర్డర్, ఏ కాగితం వచ్చినా కాపీ దాచుకో. రేపు ఏ కోర్టు, ఏ ప్రభుత్వం ఏ మేలు చేసినా, పనిచేసినట్టు రుజువు అడుగుతారు. ఇంకో మాట. వేరొకరి పాస్‌వర్డుతో నువ్వు చేసిన ఎంట్రీలో తప్పు దొర్లితే నీకు ఉద్యోగం పోతుంది, వాళ్లకు మెమో వస్తుంది. ప్రతి ఎంట్రీకి సంతకం పెట్టిన కాగితం ముందుంటేనే ఎక్కించు.

జయపురం_తపాలా
పాస్‌వర్డు ఇచ్చే ఆఫీసర్లు ఇది చదివితే బాగుండు. ఏటీఎం పిన్ ఇస్తారా ఇలాగే?

నాగావళి_గట్టు
రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

నామినేషన్ మర్నాడే మార్పించాను. రికవరీ మీద బాబాయ్ గారు చెప్పినట్టే నోటు పుటప్ చేశాను. తీర్పు ప్రతి, అండర్‌టేకింగ్ తేడా అన్నీ రాశాను. పదకొండు రోజులు ఫైల్ పైనే ఉంది. తర్వాత "వసూలు వద్దు, ఫిక్సేషన్ సవరించి పెన్షన్ పంపండి" అని ఆకుపచ్చ ఇంకుతో వచ్చింది. జీతం తగ్గుతుందని పెద్దాయనకు ముందే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "గ్రాట్యుటీ ముట్టుకోరు కదా, మా మనవరాలి నర్సింగ్ ఫీజు అందులోంచే" అన్నారు.

ఆ రెండేళ్ల కోసం సెలవు పెట్టి ఆయన్నే వెంటబెట్టుకుని పాత ఆఫీసుకు వెళ్లాను. రెండుసార్లు ఏమీ దొరకలేదు. మూడోసారి అక్కడి వాచ్‌మన్ వెనక గది తెరిచాడు. మేడ మెట్ల కింద ఎర్రగుడ్డ మూటలు. 1993 అక్విటెన్స్ రోల్ నాలుగో మూటలో దొరికింది. పెద్దాయన తన వేలిముద్ర తనే గుర్తుపట్టారు, బొటనవేలి మీద కోత మచ్చ అలాగే పడింది. ఇరవై రెండు నెలల్లో పంతొమ్మిది నెలలు దొరికాయి. మిగతా మూడింటికి జీపీఎఫ్ స్టేట్‌మెంటు జత చేశాను. వెరిఫికేషన్ సర్టిఫికెట్ వచ్చింది, కాగితాలు భువనేశ్వర్ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకు వెళ్లాయి.

మా ఆఫీసులో గోడకు ఒక చార్టు పెట్టాను. రాబోయే రెండేళ్లలో రిటైర్ అయ్యేవాళ్ల పేర్లు, తేదీలు. జనవరిలో రెండు రోజులు అందరికీ సర్వీసు బుక్ చూపించాను, ఒప్పించడానికి కొంచెం కష్టపడ్డాను. పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి ఏదో ఒక తప్పు దొరికింది. బీరువాలో ఏముందో లిస్టు రాసి తలుపు లోపల అతికించాను.

కొరాపుట్_కాఫీ
తొమ్మిది మందా! రేపు నాదీ తీయిస్తాను.

జయపురం_తపాలా
శభాష్ అమ్మాయ్. ఆ టీ బాకీ తీర్చేశావు.

వంశధార_పద్మిని
ఆ పాత ఆఫీసు ఏదో మీకు విడిగా మెసేజ్ పెట్టి అడిగాను. మీరు చెప్పిన ఊరు చూసి చేతులు వణికాయి. 1993లో మా నాన్న కూడా అక్కడే. పేరు, హోదా మెసేజ్‌లో పెట్టాను. ఆ రోల్‌లో చూడగలరా?

నాగావళి_గట్టు
మా పెద్దాయన్ని అడిగాను పద్మిని గారూ. పేరు చెప్పగానే, "సాయంత్రం సైకిల్ మీద నన్ను స్టేషన్ దాకా దింపేవారు" అన్నారు. శనివారం ఇద్దరం మళ్లీ వెళ్లాం. అదే పేజీల్లో, పెద్దాయన వేలిముద్రకు మూడు గీతల పైన మీ నాన్నగారి పేరు ఉంది. పై నుంచి కింద దాకా అన్నీ ఒడియా, ఇంగ్లీషు సంతకాలు, ఆయనది ఒక్కటే తెలుగులో. పంతొమ్మిది నెలలూ ఫోటో తీశాను, సర్టిఫైడ్ కాపీకి అర్జీ మీ అమ్మగారి పేరుతో రాసి పెట్టాను. అమ్మగారి పేరు లక్ష్మి అని రాయాలా, వరలక్ష్మి అనా?

వంశధార_పద్మిని
వరలక్ష్మి అని రాయండి. అమ్మ పక్కనే ఉంది, ఆ సంతకం ఫోటో పెద్దది చేసి చూపించమంటోంది.